విశాఖ నుంచి వెళ్లి 14 వేల అడుగుల కొండ మీద నీలి స్ఫటికాలు ఏరుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు పుట్టి పెరిగింది విశాఖలోనే. జూలై చివర్లో అమెరికాలో, కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్తున్నారు. అక్కడికి దగ్గర్లో మౌంట్ యాంటెరో అనే కొండ మీద ఆక్వామెరీన్ అనే నీలి స్ఫటికాలు ఏరుకునేవాళ్ల వీడియోలు చూశారు. ఒక శని, ఆదివారాల్లో వెళ్లి మీరూ ఏరుకోగలరా, ఏం తీసుకెళ్లాలి, వెళ్లేలోపు మన అరకు, నర్సీపట్నం కొండల్లో ప్రాక్టీస్ చేయొచ్చా, అన్నయ్య పదేళ్ల కొడుకుని వెంట తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. వెళ్లొచ్చు. చిన్న ముక్క అయినా దొరికే అవకాశం ఉంది. కానీ దిగిన వారంలోనే వచ్చే శని, ఆదివారాల్లో మాత్రం వద్దు. కనీసం నాలుగైదు రోజులు ఎత్తుకు అలవాటు పడ్డాకే పైకి వెళ్లండి. వెళ్లాక గునపంతో తవ్వే పని పెట్టుకోకండి, కళ్లతో వెతకండి. మన దగ్గర ప్రాక్టీస్ చేయొచ్చు గానీ అది చూడటం వరకే. అరకు, నర్సీపట్నం కొండల్లో రాయి ఏరడం, తవ్వడం వద్దే వద్దు. బాబుని ఆ కొండపైకి తీసుకెళ్లకండి, వాడికి వేరే చోటు చెప్తాను.

నేను ముప్పై ఏళ్లు ఖనిజాల సర్వే పనిలో ఉన్నాను. చదివింది ఇక్కడే, ఆంధ్రా యూనివర్సిటీలో, సి. మహదేవన్ గారు మొదలుపెట్టిన జియాలజీ డిపార్ట్‌మెంట్‌లో. రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి కొలరాడో వెళ్లినప్పుడు యాంటెరో రెండుసార్లు ఎక్కాను. మొదటిసారి చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇంత పెద్ద సమాధానం రాస్తున్నాను.

ముందు ఎత్తు సంగతి. యాంటెరో శిఖరం 14,269 అడుగులు, అంటే సుమారు 4,350 మీటర్లు. మనం బతికేది సముద్రమట్టంలో. మనకు ఎత్తు అంటే అరకు, అది 900 మీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ శిఖరం దగ్గర గాలి ఒత్తిడి ఇక్కడున్న దానిలో సుమారు అరవై శాతమే. అంటే ప్రతి శ్వాసకూ అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. నేను వరసగా మూడేళ్లు సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచినవాణ్ణి, కాళ్లలో బలం ఉంది కదా అనుకున్నాను. గురువారం డెన్వర్‌లో దిగి, శుక్రవారం రాత్రికి కొండ కింద ఉన్న బ్యూనా విస్టా ఊరు చేరి, శనివారం తెల్లారకముందే జీపులో పైకి వెళ్లాను. పదమూడు వేల అడుగుల దగ్గర దిగిన గంటకు తల పగిలిపోతున్నంత నొప్పి. తర్వాత వాంతులు. నాతో వచ్చిన అక్కడి పెద్దాయన నన్ను రెండు ప్రశ్నలు అడిగాడు, నేను తడబడ్డాను. ఇంకేం మాట్లాడకుండా జీపెక్కించి కిందికి దించేశాడు. తొమ్మిది వేల అడుగులకు వచ్చిన రెండు గంటల్లో మామూలు మనిషినయ్యాను. ఆ రోజు ఆయన అక్కడే కూర్చోబెట్టి నీళ్లు తాగించి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ కొండతో అసలు ప్రమాదం జీపు దారే. నడిచి ఎక్కితే ఆయాసం మనల్ని మధ్యలోనే ఆపుతుంది. జీపు రెండు గంటల్లో ఐదు వేల అడుగులు ఎక్కించేస్తుంది, శరీరానికి అలవాటు పడే టైమే ఉండదు. ఒంట్లో దారుఢ్యం వేరు, ఎత్తుకు అలవాటు పడటం వేరు. రోజూ బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లు పరిగెత్తే కుర్రాడికి కూడా తలనొప్పి రావచ్చు.

కాబట్టి ఇలా చేయండి. డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ మూడు రోజులు ఉండండి. తర్వాత బ్యూనా విస్టాలో (దాదాపు 2,400 మీటర్లు) రెండు రాత్రులు పడుకోండి. మధ్యలో ఒక పగలు చెట్లు ఆగిపోయే ఎత్తు దాకా, అంటే 3,500 మీటర్ల చుట్టుపక్కలకు, నడిచి వెళ్లి సాయంత్రానికి దిగిపోండి. ఆ మర్నాడు పైకి. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వాడే అసిటజోలమైడ్ అనే మాత్ర గురించి వెళ్లేముందు మీ డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడని వాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. తలనొప్పితో పాటు వాంతి, తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా మందు దిగిపోవడమే. ఇంకో అరగంట చూద్దాం అనే మాట వద్దు.

రెండో విషయం పిడుగులు. జూలై, ఆగస్టుల్లో అక్కడ పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఉరుముల మబ్బులు కమ్ముతాయి. పైన చెట్టు లేదు, చాటు లేదు, అక్కడ అన్నిటికంటే ఎత్తైనది మనిషే. పన్నెండు గంటలకల్లా గట్టు దిగిపోయి ఉండాలి. రెండోసారి వెళ్లినప్పుడు పదకొండున్నరకు నా సుత్తి దగ్గర జుమ్మని సన్నటి శబ్దం విన్నాను, చేతిమీద వెంట్రుకలు లేచాయి. అలా జరిగిందంటే పిడుగు పడబోతోందని అర్థం. సుత్తి, గునపం అక్కడే వదిలేసి పరిగెత్తుకుంటూ దిగాం. పనిముట్లు మర్నాడు తెచ్చుకున్నాం.

ఇప్పుడు అసలు సంగతి, రాయి దొరకడం.

యాంటెరో గ్రానైట్ కొండ. ఆ గ్రానైట్ వయసు దాదాపు మూడు కోట్ల సంవత్సరాలు. జియాలజీ లెక్కలో నిన్న మొన్నటిది. కరిగిన రాయి భూమి లోపల చల్లబడుతుంటే ముందు మామూలు ఖనిజాలు గట్టిపడతాయి. చివర్లో మిగిలే ద్రవంలో నీరు, ఫ్లోరిన్, బెరీలియం లాంటి మిగతా ఖనిజాల్లో ఇమడని మూలకాలు పోగవుతాయి. ఆ నీరు ఆవిరై బుడగలా విడిపోయిన చోట రాతిలో తొర్ర మిగులుతుంది. అక్కడివాళ్లు దాన్ని పాకెట్ అంటారు. ఖాళీ జాగా ఉంది కాబట్టి అందులో స్ఫటికం అన్ని వైపులా అంచులు తీర్చుకుని పెరుగుతుంది. ఆక్వామెరీన్, ఫెనకైట్ (ఇదీ బెరీలియం ఖనిజమే), పొగరంగు పలుగురాయి (క్వార్ట్జ్), ఫ్లోరైట్ అన్నీ అలా వచ్చినవే. ఆక్వామెరీన్ అంటే బెరిల్, మన పచ్చకు సొంత చెల్లెలు. పచ్చకు ఆ రంగు క్రోమియం, వెనేడియం వల్ల వస్తే, దీనికి నీలం ఇనుము వల్ల వస్తుంది.

తొర్ర ఎక్కడుందో రాయే చెప్తుంది, చదవడం రావాలి. కొత్తవాళ్లు గ్రానైట్ బండ కనబడగానే ఉలి పెట్టి కొట్టడం మొదలుపెడతారు. రోజంతా కొట్టినా బండే వస్తుంది. మీరు మొదట చూడాల్సింది కింద, రాళ్లు విరిగి జారి పేరుకున్న వాలులో. చలికి పగుళ్లలో నీరు గడ్డకట్టి ప్రతి ఏడూ రాయిని విరుస్తుంది, తొర్రలు తెరుచుకుంటాయి, స్ఫటికం ముక్కలు కిందికి జారతాయి. అలాంటి నీలి ముక్క ఒకటి, చిటికెన గోరంతది కనిపించినా చాలు, అక్కడ ఆగండి. గుర్తుగా ఏదైనా పెట్టి, అటూ ఇటూ వంకరగా నడుస్తూ పైకి వెళ్లండి. ముక్కలు పెరుగుతుంటే దారి సరైనదే. ఒక చోట ముక్కలు హఠాత్తుగా ఆగిపోతాయి. అవి పుట్టిన చోటు ఆ గీతకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మేం సర్వేల్లో వాగు ఇసుక పట్టుకుని ఖనిజం ఎక్కడినుంచి కొట్టుకొచ్చిందో వెతికే పద్ధతీ ఇదే.

ఆ గీత దగ్గర బండను పరిశీలించండి. రేణువులు ఒక్కసారిగా పెద్దవవుతాయి. పలుగురాయి పొగరంగుకు తిరుగుతుంది. ఫెల్స్‌పార్ (గ్రానైట్‌లో ఉండే లేతరంగు ఖనిజం) ముక్కలకు నున్నటి ముఖాలు కనిపిస్తాయి. అభ్రకం రేకులు గుత్తులుగా ఉంటాయి. తుప్పురంగు మన్ను కారిన చార ఉంటుంది. తుప్పురంగు బంకమన్ను కనిపించిందంటే సుత్తి పక్కన పెట్టేయండి. తొర్రలోని స్ఫటికాలు చాలావరకు ఆ బంకమన్నులోనే పడి ఉంటాయి. ఇనుప మొన తగిలితే విరుగుతాయి. వెదురు పుల్లతో, ఐస్‌క్రీమ్ పుల్లతో కొద్దికొద్దిగా మన్ను తీయండి. తీసిన మన్ను పారేయకుండా సంచిలో వేసుకోండి. చిన్న ఫెనకైట్లు అందులోనే ఉంటాయి, రంగు లేక కంటికి ఆనవు, ఇంటికొచ్చి జల్లెడ పట్టి కడిగితే బయటపడతాయి.

వెతకడానికి పొద్దుటి ఏటవాలు వెలుగు మంచిది. సూర్యుడికి ఎదురుగా మెల్లగా నడిస్తే స్ఫటికం ముఖం తళుక్కుమంటుంది. రాత్రి చినుకు పడి రాళ్లు తడిగా ఉంటే ఇంకా మేలు, తడిలో నీలం బాగా తెలుస్తుంది.

నీలంగా ఉన్నదంతా ఆక్వామెరీన్ కాదు. ఫ్లోరైట్ కూడా నీలంగా, ఊదాగా ఉంటుంది. పనికిరాని ఒక విరిగిన ముక్క మీద జేబు కత్తి మొన గీసి చూడండి. ఫ్లోరైట్ గీత పడుతుంది, పది మెట్ల కొలతలో దాని కాఠిన్యం 4. బెరిల్‌ది ఏడున్నర నుంచి ఎనిమిది, కత్తే జారుతుంది. ఇక పలుగురాయికీ దీనికీ తేడా గీతల్లో ఉంది. రెండూ ఆరు పలకల కడ్డీలే. పలుగురాయి పలకల మీద సన్నగీతలు అడ్డంగా ఉంటాయి, కొన కోసుగా ముగుస్తుంది. బెరిల్ మీద గీతలు ఉంటే నిలువుగా, కడ్డీ పొడవునా ఉంటాయి, కొన ఎక్కువగా పెన్సిల్‌ని అడ్డంగా కోసినట్టు చదునుగా ఉంటుంది. ఈ ఒక్క తేడా కంటికి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

ఏ మాత్రం ఆశించాలి? నేను రెండో ప్రయత్నంలో రెండు రోజులు వెతికితే రెండు సెంటీమీటర్ల పొడవు, అగ్గిపుల్లకన్నా కాస్త లావున్న కడ్డీ ఒకటి, గోరంత లేత ముక్కలు పది పన్నెండు, గుప్పెడు పొగరంగు పలుగురాళ్లు దొరికాయి. నాకు అదే చాలా ఎక్కువ. ఆ కడ్డీ నా టేబుల్ మీద ఉంది. కిటికీ వెలుగుకు పట్టుకుంటే దాని లోపల రుషికొండ సముద్రం పొద్దున్న పూట రంగు కనిపిస్తుంది. అమ్మితే ఎంత వస్తుంది అన్న లెక్కతో అయితే వెళ్లొద్దు. నగల షాపుల్లో చూసే నిండు నీలం రాళ్లు చాలావరకు పచ్చ ఛాయ పోవడానికి వేడి చేసినవి, కొండ మీద దొరికేది లేత రంగే.

అనుమతి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆ కొండ నేషనల్ ఫారెస్ట్ భూమి. అక్కడ సొంత సరదాకు, చేతి పనిముట్లతో, కొద్దిగా ఏరుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. కానీ యాంటెరో మీద మంచి చోట్లు చాలావాటి మీద మైనింగ్ క్లెయిములు ఉన్నాయి. 1872 నాటి చట్టం కింద అక్కడి ఖనిజం మీద హక్కు ఆ క్లెయిమ్ ఉన్నవాళ్లది. నేల మీద పడి ఉన్న ముక్క తీసుకున్నా అది దొంగతనం కిందికే వస్తుంది. హద్దు కర్రలు ఉంటాయి, మంచుకు పడిపోయి కనిపించకపోవచ్చు కూడా. కాబట్టి వెళ్లేముందు సలైడా ఊళ్లో ఉన్న ఫారెస్ట్ రేంజర్ ఆఫీసులో మ్యాప్ చూపించి అడగండి. ఇంకా మంచి పద్ధతి, అక్కడి ఖనిజ ప్రియుల క్లబ్బు ఏదైనా వెతికి వాళ్లతో వెళ్లడం. క్లెయిమ్ యజమాని అనుమతి వాళ్లే తీసుకుని ఉంటారు, దారి తెలుసు, జీపు ఉంటుంది. మీ అన్నయ్య మామూలు కారు ఆ దారిలో పోదు. మధ్యలో వాగు దాటాలి, పైన ఒక పక్క లోయ.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. జియాలజీ సుత్తి ఒకటి (మేకులు కొట్టే సుత్తి వద్దు, దాని ఉక్కు రేకులు లేస్తాయి), ఉలి, పదింతలు చూపే భూతద్దం, మందపాటి గ్లోవ్స్, రెయిన్ కోటు, స్వెటర్, మూడు లీటర్ల నీళ్లు, పాత న్యూస్ పేపర్లు. కళ్లకు గాగుల్స్ మాత్రం మర్చిపోవద్దు. నాతో పనిచేసిన ఒక మిత్రుడికి ఉలి నుంచి లేచిన ఇనుప రవ్వ కంట్లో దిగింది, ఆ కన్ను మళ్లీ మామూలు కాలేదు. సుత్తి, ఉలి విమానంలో చెక్-ఇన్ సామాన్లలోనే పెట్టాలి. జారిన రాళ్ల వాలులో ఒకరి పైన ఒకరు నిలబడి వెతకొద్దు, పైవాళ్ల కాలు తగిలిన రాయి కిందివాళ్ల మీదికే వస్తుంది. బండ కింద గుహలా తవ్వుకుంటూ లోపలికి పోవద్దు.

ఈ చివరి మాట దగ్గరే మన కొండల గురించి చెప్పాలి. నర్సీపట్నం వైపు గొలుగొండ మండలం కరక కొండల్లో అలెగ్జాండ్రైట్, వైడూర్యం లాంటి రంగురాళ్లు ఉన్నాయన్నది నిజమే. తూర్పు కనుమల్లో ఆ జాతి రాళ్లు పుట్టే పరిస్థితులు ఉన్నాయి. అది రిజర్వ్ ఫారెస్ట్. రాత్రిపూట దొంగతనంగా సొరంగాలు తవ్వి, వాన నీటికి నానిన మన్ను కూలి కూలీలు అందులోనే చనిపోయిన వార్తలు మనం పేపర్లో చాలాసార్లు చదివాం. చనిపోయేది రోజు కూలికి లోపలికి దిగినవాడు, రాయి చేరేది ఇంకెవరి దగ్గరికో. ఎవరైనా మీకు అక్కడి రాయి చవగ్గా ఇస్తామన్నా కొనకండి. ఆ గిరాకీయే వాళ్లను మళ్లీ లోపలికి పంపిస్తుంది.

అరకు, పాడేరు, అనంతగిరి అంతా ఏజెన్సీ. అక్కడి నేల, అడవి, ఖనిజం మీద గిరిజనులకు రక్షణ ఉంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు పుట్టింది అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల కేసులోనే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజు ఇవ్వకూడదని అందులో తేల్చారు. కంపెనీలకే లేని హక్కు సంచి భుజానేసుకుని వెళ్లే మనకు ఎలా ఉంటుంది? భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, అక్కడ గుప్పెడు మట్టి కూడా తీయొద్దు.

మరి ప్రాక్టీస్ ఎలా అంటే, కళ్లకు ప్రాక్టీస్ ఇవ్వండి, దానికి విశాఖను మించిన ఊరు లేదు. కైలాసగిరి, సింహాచలం కొండల రాయి ఖోండలైట్. కొండ ప్రాంతాల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. రోడ్డు కోసం కోసిన చోట భూతద్దం పెట్టి చూడండి. ముదురెరుపు చుక్కలు గార్నెట్లు, తెల్లటి సన్నపుల్లల్లాంటివి సిలిమనైట్, నల్లగా మెరిసే రేకులు గ్రాఫైట్. ఆ రాయిలో పలుగురాయి, ఫెల్స్‌పార్ పెద్ద పెద్ద రేణువులతో తెల్లటి పట్టీలా కోసుకుపోయినది కనిపిస్తే దాని అంచు దగ్గర రేణువు సైజు ఎలా మారుతుందో గమనించండి. యాంటెరో మీద మీరు వెతకాల్సిన మార్పు అదే. పెద్ద అలలు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున్న భీమిలి రోడ్డు వెంట ఇసుక చూడండి, నలుపు, గులాబీ చారలు పడి ఉంటాయి. నలుపు ఇల్మనైట్, గులాబీ గార్నెట్. బరువైన రేణువులు ఎక్కడ ఆగుతాయో, తేలికవి ఎక్కడికి కొట్టుకుపోతాయో అల గీసి చూపిస్తుంది. రోజూ అరగంట, నెల రోజులు ఇలా చూస్తే ఏది మామూలో కంటికి తెలుస్తుంది, మామూలు కానిది అప్పుడే కనిపిస్తుంది.

దొరికిన వాటిని అక్కడికక్కడే కడగొద్దు. మన్నుతోనే ఒక్కోదాన్ని విడిగా పేపర్లో చుట్టి, తేదీ, చోటు రాసిన చీటీ అందులో పెట్టండి. చోటు తెలియని స్ఫటికం అందమైన గాజుముక్కతో సమానం, నా దగ్గర అలాంటివి ఇరవై దాకా ఉన్నాయి, చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి టూత్ బ్రష్ చాలు. తుప్పు మరక పోవడానికి ఆక్సాలిక్ యాసిడ్ వాడతారు, అది విషం. గ్లోవ్స్ లేకుండా, వంటింట్లో, పిల్లలుండే చోట వద్దు. బెరిల్‌ని ఇంట్లో పొడిగా అరగదీయడం, కోయడం అసలు చేయకండి. దాని ధూళిలో బెరీలియం ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. తవ్విన గుంట పూడ్చి రండి.

ఇక బాబు సంగతి. పదేళ్ల పిల్లలకు తలనొప్పి వస్తే సరిగ్గా చెప్పలేరు, అలసట అనుకుని మనమూ పోల్చుకోలేం. పైగా జారే రాళ్లు, పిడుగులు. కొండ కిందే నేథ్రాప్ ఊరి దగ్గర, ఆర్కన్సా నది పక్కన రూబీ మౌంటెన్ అని చిన్న గుట్ట ఉంది. పేరు రూబీ గానీ అక్కడున్నది కెంపు కాదు, మాంగనీసు గార్నెట్లు, వాటితో పాటు పుష్యరాగం (టోపాజ్). లేత బూడిదరంగు రాతి గుల్లల్లో ఆవగింజల్లా కూర్చుని ఉంటాయి. మన గరివిడి మాంగనీసు గనుల వైపు కూడా మాంగనీసు కలిసిన గార్నెట్లు ఉన్నాయి, వెళ్లేముందు వాడికి ఆ సంగతి చెప్పండి. ఏరుకోవడానికి అక్కడ ఇప్పుడున్న నిబంధన ఏంటో సలైడా ఆఫీసులోనే కనుక్కోండి. వద్దంటే భూతద్దం వాడి చేతికిచ్చి లెక్కపెట్టమనండి. మా మనవడు అక్కడ ఒకే రాతిలో పదిహేడు లెక్కపెట్టాడు, చీకటి పడుతున్నా లేవనన్నాడు.